నీట్ జీవశాస్త్రం: ముందు చేత్తో, తర్వాత పుస్తకంతో

ఆదివారం పొద్దున్న ఆరింటికి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నేలంతా ఐసు కరిగిన నీళ్ళు. బోట్ల మీంచి దించిన చేపల్ని రాశులు పోసి వేలం పాడుతున్నారు. నా వెంట ఆరుగురు పిల్లలు, అందరూ నీట్ రాయబోయేవాళ్ళే. వాళ్ళలో ఒకబ్బాయికి కాండ్రిక్తిస్ (మెత్తటి ఎముకల చేపలు) తరగతి లక్షణాలు కంఠోపాఠం. ఆటోలో కూర్చునే అప్పజెప్పేశాడు: మృదులాస్థి అస్థిపంజరం, అడుగు వైపు నోరు, మొప్ప చీలికలకి మూత ఉండదు, చర్మం మీద ప్లకాయిడ్ పొలుసులు, గాలితిత్తి లేదు. ఒక్క మాట తప్పు పోలేదు. ఒక మామ్మ గంపలో మూరెడు సొర కనపడితే, "దీని మొప్ప చీలికలు ఎక్కడున్నాయో చూపించు నాన్నా" అన్నాను. వాడు దాని బుగ్గ పక్కన మూత కోసం వెతకడం మొదలుపెట్టాడు.

"ముట్టుకో బాబూ, ఏం సెయ్యదు" అంది మామ్మ. వాడి చెయ్యి పట్టుకుని తోక నుంచి తల వైపుకి రాయించాను. గరుకు కాగితం మీద రాసినట్టు చర్మం పట్టుకుంది. తల నుంచి తోక వైపుకి రాస్తే నున్నగా జారిపోయింది. ప్లకాయిడ్ పొలుసుల మొనలన్నీ వెనక్కి తిరిగి ఉంటాయి, అందుకే అలా. ఆ పొలుసులే నోట్లో మార్పు చెంది పళ్ళయ్యాయి, అవి కూడా లోపలికే వంగి ఉన్నాయి. కంటి వెనక అయిదు గాట్లు, చాకు మొనతో గీసినట్టు, పైన ఏ మూతా లేకుండా కనపడ్డాయి. "దీంట్లో ముల్లుండదు బాబూ, అంతా మెత్తటెముకే. బాలింతలకి ఎడతారు" అంది మామ్మ. పాలసొర కూర బాలింతలకి పెట్టే ఇళ్ళు మా ఊళ్ళో చాలా ఉన్నాయి. చెల్లి పుట్టినప్పుడు వాళ్ళమ్మ తినడం వాడికి గుర్తొచ్చింది. మృదులాస్థి అన్న మాట ఆ క్షణంలో వాళ్ళింటి వంటగదిలోకి వచ్చింది.

పక్క గంపలో కానాగంతలు. ఒకదాని మొప్పమూత వేలితో ఎత్తించాను. కింద ఎర్రగా, దువ్వెన పళ్ళలా మొప్పలు. ఒక పక్కన నాలుగు వరసలు లెక్కపెట్టాడు. ఇక ఆస్టిక్తిస్ అనే గట్టి ఎముకల చేపల తరగతి గురించి నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

ఇరవై నాలుగేళ్ళుగా ఇంటర్ పిల్లలకి వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చెబుతున్నాను. ఇప్పుడు పెదవాల్తేరులో మా మేడ మీద గదిలో సాయంత్రాలు చెబుతాను. మొదటి పదేళ్ళూ నేను కూడా లైన్లు బట్టీ పట్టించాను. మార్కులు కొందరికి వచ్చేవి. కానీ ప్రశ్నలో ఒక్క మాట అటూ ఇటూ అయితే చాలు, బాగా చదివే పిల్లలే ముందు తడబడేవాళ్ళు. ఆలోచిస్తే కారణం తెలిసింది. జీవశాస్త్రంలో ప్రతి మాటా ఎవరో ఒక వస్తువుని ఎదురుగా పెట్టుకుని, చూసి పెట్టిన మాట. మనం వస్తువుని వదిలేసి మాటని మాత్రం నెత్తికెత్తుకుంటున్నాం. కాబట్టి ముందు చూడండి, తాకండి, కోయండి, గీయండి. ఆ తర్వాత పుస్తకం తెరవండి.

దీనికి టైమెక్కడుంది మేడమ్ అని అడుగుతారు. నీట్‌లో 180 ప్రశ్నలైతే అందులో 90 జీవశాస్త్రమే, 720 మార్కుల్లో 360. మన ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ పరీక్షలో కూడా 160కి 80 మనవే. సగం పరీక్ష ఇక్కడే ఉంది. దానికి వారంలో ఒక్క పొద్దున్న ఇవ్వడం ఎక్కువేం కాదు.

ఆ కానాగంత గురించి ఇంకో సంగతి చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైనది. పుస్తకంలో ద్వినామ నామకరణం చదువుతారు కదా: మొదటిది ప్రజాతి పేరు, పెద్ద అక్షరంతో మొదలవుతుంది, రెండోది జాతి పేరు, చిన్న అక్షరంతో, అచ్చులో ఇటాలిక్స్, చేత్తో రాస్తే రెంటికీ విడివిడిగా కింద గీత. కానాగంత శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఆ రెండో మాట లాటిన్ కాదు, గ్రీకు కాదు. కానాగంతని మన జాలర్లు పిలిచే కనగర్త అన్న మాటే. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండి, ఇక్కడి చేపల్ని సేకరించి, జాలర్లు పిలిచే పేర్లతోనే 1803లో బొమ్మలతో సహా అచ్చు వేయించాడు. దాన్ని ఆధారం చేసుకుని క్యూవియర్ 1816లో కనగుర్త అనే జాతి పేరు పెట్టాడు. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కడ ఈ చేప గురించి రాసినా మన రేవు మాటే రాస్తారు. రక్తపింజరికి రస్సెల్స్ వైపర్ అని పేరొచ్చింది కూడా ఈయన వల్లే. ఈ సంగతి చెప్పిన బ్యాచ్‌లో నామకరణం నియమాలు ఎవరూ మర్చిపోలేదు.

చేపలు అందరికీ కుదరవు, శాకాహారులుంటారు. వాళ్ళకి వంటగది ఉంది. అమ్మ బఠానీ ఒలుస్తుంటే పక్కన కూర్చోండి. కాయని అతుకు దగ్గర విప్పితే గింజలన్నీ ఒకే అంచుని పట్టుకుని ఉంటాయి, గింజలు అమరిన తీరునే అండన్యాసం అంటారు, ఇది ఉపాంత అండన్యాసం. టమాటాని, నిమ్మకాయని అడ్డంగా కోస్తే మధ్య స్తంభం చుట్టూ గింజలు, అది స్తంభ అండన్యాసం. వంకాయ చేతిలోకి తీసుకోండి. ముచ్చిక దగ్గర పచ్చటి టోపీ ఉందే, అవి పువ్వులోని రక్షక పత్రాలు. పువ్వు రాలినా అవి రాలలేదు, కాయతో పాటు పెరిగాయి. సొలనేసి కుటుంబంలో దీర్ఘకాలిక రక్షక పత్రావళి అని చదివేది ఈ టోపీ గురించే. పచ్చిమిరపకాయకీ అంతే. మందార పువ్వు కోసుకొచ్చి బ్లేడుతో నిలువుగా చీల్చండి: కేసరాలన్నీ కలిసి ఒకే గొట్టం, దాని లోపల్నుంచి కీలం బయటికొస్తుంది. ఏకబంధక కేసరాలు అంటే ఏమిటో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఒక్క పొద్దున్న రెండు పువ్వులూ మూడు కాయలూ చాలు, పుష్ప భాగాల పాఠం సగం అయిపోతుంది.

గుండె పాఠానికి మాత్రం మటన్ కొట్టుకి వెళ్ళండి. గుండెకాయ ముక్కలు కొట్టకుండా మొత్తంగా ఇమ్మని అడిగితే ఇస్తారు. ఇంటికి తెచ్చి కడిగి, కింది భాగంలో అడ్డంగా ఒక్క కోత కొయ్యండి. రెండు గదులు కనపడతాయి. ఒకటి గుండ్రం, దాని గోడ మీ బొటనవేలంత మందం. రెండోది దాని పక్కన అర్ధచంద్రంలా అతుక్కుని ఉంటుంది, గోడ పల్చన. మందమైంది ఎడమ జఠరిక, పల్చనిది కుడి జఠరిక. ఎందుకలా? కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపుతుంది. ఎడమది తల నుంచి అరికాలి దాకా నెట్టాలి. ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటుంది: ఎడమది బలమైంది కాబట్టి ఎక్కువ రక్తం పంపుతుందనుకుంటారు. కాదు. రెండూ ఒక్కో స్పందనకి పంపేది దాదాపు ఒకే పరిమాణం, సుమారు 70 మిల్లీలీటర్లు. తేడా పీడనంలో ఉంది. పరిమాణంలో తేడా ఉంటే కాసేపటికి ఒక పక్కన రక్తం పేరుకుపోదూ?

జఠరికల లోపలి వైపు నుంచి చూస్తే కవాటాలకి కట్టిన తెల్లటి దారాలు కనపడతాయి. చిటికెన వేలితో లాగండి, తెగవు. జఠరిక ముడుచుకున్నప్పుడు కవాటం గొడుగులా వెనక్కి తిరగబడకుండా పట్టుకునేవి ఇవే. కర్ణికా జఠరికా కవాటాలు మూసుకున్నప్పుడు లబ్, అర్ధచంద్రాకార కవాటాలు మూసుకున్నప్పుడు డప్. మా గదిలో ఒకమ్మాయి ఆ దారాల్ని లాగి చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ నాన్నగారికి కవాటం ఆపరేషన్ అయిందని తర్వాత చెప్పింది. ఆ పాఠంలో ఆ అమ్మాయి ఒక్క ప్రశ్న కూడా తప్పు చెయ్యలేదు.

చూసిన రోజే బొమ్మ గీయాలి. పుస్తకంలో చూసి గీయడం కాదు. పాత క్యాలెండర్ కాగితం వెనక వైపు, పుస్తకం మూసి, గుర్తున్నంత గీయండి. గుర్తులేని చోట ఖాళీ వదలండి. అప్పుడు పుస్తకం తెరిచి ఆ ఖాళీల్ని మాత్రం ఎర్ర పెన్నుతో నింపండి. మూడో రోజు మళ్ళీ, పదో రోజు మళ్ళీ. ఎరుపు తగ్గుతూ పోవాలి. మా పిల్లల్లో కొందరు మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్ బొమ్మని ఆరుసార్లు గీశాక గానీ ఎరుపు లేకుండా గీయలేకపోయారు. ఆరుసార్లంటే మొత్తం గంటన్నర, పదిసార్లు చదవడం కన్నా తక్కువే.

ఇప్పుడు పుస్తకం. ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల పుస్తకాలు తప్ప మొదటి ఏడాది ఇంకేమీ కొనొద్దని మా పిల్లలకి చెబుతాను. వాటిని చదవడానికి నేను ఒక్కటే అభ్యాసం పెడతాను: ఒక వాక్యం తీసుకుని, అందులో ఒకే మాట మార్చి అబద్ధం చెయ్యండి. "పుపుస ధమని ఆక్సిజన్ లేని రక్తాన్ని ఊపిరితిత్తులకి తీసుకెళ్తుంది" అన్నది నిజం. ధమనిని సిర చెయ్యండి, అబద్ధమవుతుంది. ఊపిరితిత్తులకి బదులు గుండెకి అనండి, మళ్ళీ అబద్ధం. ఇద్దరు స్నేహితులు ఎదురెదురుగా కూర్చుని, ఒకళ్ళు చెబితే ఇంకొకళ్ళు ఎక్కడ మారిందో పట్టుకోవాలి. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళు చేసే పని కూడా ఇదే. ఒక పేజీని ఇలా చేస్తే ఏ మాట మీద వాక్యం బరువంతా ఉందో తెలుస్తుంది.

మినహాయింపులకి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. సరీసృపాలకి మూడు గదుల గుండె, మొసలికి నాలుగు. క్షీరదాలు పిల్లల్ని కంటాయి, ప్లాటిపస్ గుడ్లు పెడుతుంది. సముద్రగుర్రం చేపే, జెల్లీఫిష్, స్టార్‌ఫిష్, సిల్వర్‌ఫిష్ మూడూ చేపలు కావు, మూడు వేర్వేరు వర్గాలు. ప్రతి మినహాయింపు పక్కనా ఎందుకన్నది ఒక ముక్క రాసుకుంటే నిలుస్తుంది.

ఆ పుస్తకంలోకి ఎక్కించే ముందు సరిచూసుకోండి. క్షీరదాల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, ఒంటెకి మాత్రం ఉంటుంది అని నేను ఆరేళ్ళు పాఠం చెప్పాను. నాకూ ఎవరో అలాగే చెప్పారు, నేను దాన్ని అలాగే పిల్లలకి అందించాను. అది తప్పు. ఒంటె ఎర్ర రక్తకణాలు గుండ్రంగా కాకుండా కోలగా ఉంటాయి, కానీ కేంద్రకం వాటిలో కూడా ఉండదు. తెలిశాక అందుబాటులో ఉన్న పాత పిల్లలందరికీ ఫోన్ చేసి చెప్పాను. ఇప్పటికీ ఎన్నో గైడ్లలో ఆ తప్పు కనిపిస్తూనే ఉంది. గైడులో ఉన్న వాక్యం పాఠ్యపుస్తకంలో లేకపోతే దాన్ని పెన్సిలుతో రాసుకోండి, పెన్నుతో వద్దు.

అంకెలు చాలామందికి భయం. వాటిని ఒంటికి కట్టుకోవాలి. మణికట్టు మీద వేళ్ళు పెట్టి నిమిషం లెక్కపెట్టండి. 72 అనుకుంటే, ఒక్కోసారి 70 మిల్లీలీటర్లు, అంటే నిమిషానికి సుమారు 5 లీటర్లు. ఒంట్లో ఉన్న రక్తం దాదాపు అంతా నిమిషంలో ఒక చుట్టు తిరిగొచ్చిందన్న మాట. ఒక్కో హృదయ వలయం 0.8 సెకన్లు ఎందుకైందో మీరే 60ని 72తో భాగించి చూసుకోండి.

మూత్రపిండాల అంకెని మరిచిపోలేని విధంగా చెబుతాను. నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడకడతాయి. గంటకి 7.5 లీటర్లు, రోజుకి 180 లీటర్లు. మన ఇళ్ళకి ఆటోలో వచ్చే మంచినీళ్ళ టిన్ను 20 లీటర్లు. అంటే తొమ్మిది టిన్నులు. మా గదిలో గోడ వారన తొమ్మిది ఖాళీ టిన్నులు వరసగా పేర్చి, వాటి ముందు లీటరున్నర నీళ్ళున్న ఒక సీసా పెట్టాను. ఆ సీసా మీరు రోజంతా విసర్జించే మూత్రం. మిగతా ఎనిమిది టిన్నుల పైచిలుకు ఎటు పోయింది? ఆ ప్రశ్న అడగ్గానే పునఃశోషణ పాఠం దానంతటదే మొదలైంది. ఎక్కువ భాగం సమీపస్థ సంవళిత నాళికలోనే వెనక్కి రక్తంలోకి పోతుంది, అక్కడి కణాలకి బ్రష్ లాంటి సూక్ష్మచూషకాలు ఉండేది అందుకే. హెన్లీ శిక్యంలో దిగే కొమ్ము నీటిని వదులుతుంది, ఎక్కే కొమ్ము నీటిని వదలదు, లవణాల్ని వదులుతుంది. చివర్లో ఎంత నీళ్ళు దాచుకోవాలో ఏడీహెచ్ అనే హార్మోన్ చెబుతుంది. మన మే నెల ఉక్కపోతలో చెమటలు కారి, నీళ్ళు తాగకుండా సాయంత్రం దాకా ఉంటే మూత్రం చిక్కగా, పచ్చగా వస్తుంది కదా. హైపోథాలమస్ నీటి తగ్గుదలని పసిగట్టి, పీయూష గ్రంథి నుంచి ఏడీహెచ్ విడుదల చేయించినందువల్లే అది.

తాకడానికి వీల్లేని పాఠాలూ ఉన్నాయి. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ, డీఎన్ఏ ప్రతికృతి (నకలు తీయడం) లాంటివి. వాటికి మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎక్కడ జరుగుతోంది, లోపలికి ఏం పోతోంది, బయటికి ఏం వస్తోంది. కాంతి చర్య థైలకాయిడ్ పొరలో. లోపలికి నీరు, కాంతి. బయటికి ఆక్సిజన్, శక్తిని మోసే ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్. కాల్విన్ వలయం స్ట్రోమాలో. ఒక గ్లూకోజ్‌కి 6 కార్బన్ డయాక్సైడ్, 18 ఏటీపీ, 12 ఎన్‌ఏడీపీహెచ్. మధ్యలో వచ్చే పదార్థాల పేర్లు తర్వాత చూసుకోవచ్చు. ఏటీపీ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. దాన్ని 1929లో కండరాల్లో కనిపెట్టినవాళ్ళలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి. మన పశ్చిమ గోదావరి మనిషి.

కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకునే తీరులో సీ3, సీ4, క్యామ్ మొక్కల తేడా చెప్పడానికి నాకు మన జిల్లాల పంటలు మూడు చాలు. వరి సీ3. అనకాపల్లి బెల్లం ఏ చెరకు నుంచి వస్తుందో ఆ చెరకు సీ4. సింహాచలం కొండ మీద పండే అనాస క్యామ్. చెరకు పనిని రెండు చోట్లకి పంచింది: కార్బన్ డయాక్సైడ్‌ని పత్రాంతర కణాల్లో పట్టుకుని, పుంజపు తొడుగు కణాల్లో కాల్విన్ వలయానికి అందిస్తుంది. అనాస పనిని రెండు వేళలకి పంచింది: రాత్రి పత్రరంధ్రాలు తెరిచి పట్టుకుని, పగలు మూసేసి వాడుకుంటుంది. చోటు వేరు చేస్తే సీ4, వేళ వేరు చేస్తే క్యామ్. కాంతి శ్వాసక్రియ నష్టం సీ4 మొక్కలకి ఎందుకు లేదో ఇక్కడి నుంచి మీరే చెప్పగలరు.

కణవిభజనకి రెండు రంగుల ఊలు దారాలు కొనుక్కోండి. ఒక్కో దారం ఒక క్రోమోసోమ్, మధ్యలో ముడి సెంట్రోమియర్. డీఎన్ఏ రెట్టింపయ్యే ఎస్ దశలో అదే ముడికి ఇంకో దారం జతకట్టండి. దారాలు రెండయ్యాయి, ముడి ఒకటే. క్రోమోసోమ్‌ల్ని ముడుల్తో లెక్కపెట్టాలి, డీఎన్ఏని దారాల్తో లెక్కపెట్టాలి. ఉల్లి వేరు కొన కణంలో 16 క్రోమోసోమ్‌లు. ఎస్ దశ తర్వాత కూడా 16, డీఎన్ఏ పరిమాణం (దాన్ని సీతో రాస్తారు) మాత్రం 2సీ నుంచి 4సీ అయింది. ఏటా పిల్లలు పొరబడే లెక్క ఇది. దారాలు చేతిలో ఉన్నవాళ్ళు పొరబడటం నేను చూడలేదు.

జన్యుశాస్త్రం దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. పాడేరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివిన ఒకమ్మాయి ఒక రోజు అడిగింది: "మేడమ్, మా చిన్నాన్నకీ పిన్నికీ ఏమీ లేదు, వాళ్ళ కూతురికి సికిల్ సెల్ ఎలా వచ్చింది?" మన్యం ప్రాంతంలో ఈ రక్తపు జబ్బు పుస్తకంలో ప్రశ్న కాదు, ఇంట్లో మనిషి బాధ. 2023 జూలైలో కేంద్రం దీని నిర్మూలనకి ప్రత్యేకంగా ఒక మిషన్ మొదలుపెట్టింది కూడా. బోర్డు మీద వంశవృక్షం గీశాం. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి వృత్తం, జబ్బు ఉంటే లోపల నింపాలి. తల్లిదండ్రులిద్దరూ ఖాళీ, బిడ్డ నిండింది. అంటే అంతర్గత లక్షణం, రెండు జన్యువులూ దెబ్బతింటేనే బయటపడేది; తల్లిదండ్రులిద్దరూ వాహకులు, ఒక్కొక్కటి మాత్రమే మోస్తున్నవాళ్ళు. బిడ్డ ఆడపిల్ల కావడం ఇంకో ఆధారం: ఆడపిల్లకి ఒక ఎక్స్ క్రోమోసోమ్ తండ్రి నుంచి వస్తుంది. ఇది ఎక్స్ సహలగ్న, అంటే ఎక్స్ మీద ఉండే అంతర్గత లక్షణమే అయితే తండ్రిలోనే బయటపడాలి, ఆయనకున్నది ఒక్క ఎక్సే కాబట్టి. పడలేదు. కాబట్టి శారీరక క్రోమోసోమ్ మీదే, అంటే లింగాన్ని నిర్ణయించని దాని మీదే ఉంది. వంశవృక్షం ప్రశ్నల్లో అన్నిటికన్నా ముందు వెతకాల్సింది ఈ జబ్బున్న కూతుర్నే.

కారణం ఎంత చిన్నదో ఆ అమ్మాయికి చూపించాను. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానం. జన్యు సంకేతంలో జీఏజీ బదులు జీయూజీ. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలిన్. ఒక్క అక్షరం మారితే ఆక్సిజన్ తగ్గినప్పుడు కణం కొడవలిలా వంగిపోతుంది.

వంశవృక్షంలో భార్యాభర్తల మధ్య రెండు గీతలుంటే రక్తసంబంధీకుల పెళ్ళి. మనకి దాని పేరు మేనరికం. ఒక లెక్క చెయ్యండి. తాతగారు ఒక్కరే వాహకుడు. ఆయన కొడుకు కూతురూ, కూతురు కొడుకూ పెళ్ళి చేసుకున్నారు. తాత నుంచి కొడుక్కి ఆ జన్యువు రావడానికి అవకాశం 1/2, అక్కడి నుంచి మనవరాలికి 1/2, మొత్తం 1/4. మనవడికీ అంతే, 1/4. ఇద్దరూ వాహకులవడానికి 1/16. వాళ్ళ బిడ్డకి జబ్బు రావడానికి 1/4తో గుణిస్తే 1/64. ఇప్పుడు అదే తాతగారి కొడుకు తన అక్క కూతుర్నే చేసుకుంటే? కొడుక్కి 1/2, మేనకోడలికి 1/4, బిడ్డకి 1/4, మొత్తం 1/32. రెట్టింపు. ఆ రోజు గదిలో చాలామంది తమ ఇంటి వంశవృక్షం గీసుకున్నారు. ఇంటి మనుషుల పేర్లతో గీసింది మర్చిపోరు. కానీ అవి ఇంటి సంగతులు. వాటిని ఇంకొకళ్ళకి చూపించమని ఎవరినీ అడగకండి.

లింగ నిర్ధారణ పాఠం వచ్చేసరికి చలికాలం చివరైతే బీచ్‌కి వెళ్ళండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లని హేచరీల్లో పొదిగించి పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. మనకి ఎక్స్‌వై, పక్షులకి జెడ్‌డబ్ల్యూ. ఈ తాబేళ్ళకి ఇసుక వేడే నిర్ణయిస్తుంది, వేడెక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి.

తెలుగు మీడియం పిల్లలకి రెండు మాటలు. జఠరిక గుండెలోది, జఠర రసం జీర్ణాశయంలోది. తొందరలో రెండూ ఒకటే అనిపిస్తాయి. అండకోశం పువ్వులోని స్త్రీ భాగమంతా, అండాశయం దానిలో కింది భాగం, అండం ఆ లోపల ఉండేది. ఇలాంటి జతలన్నీ ఒక చోట రాసుకోండి. ప్రతి తెలుగు మాట పక్కనా ఇంగ్లీషు మాట కూడా నేర్చుకోండి. నీట్‌లో తెలుగు ఎంచుకుంటే ప్రశ్న రెండు భాషల్లోనూ ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠాన్నే ప్రమాణంగా తీసుకుంటారు. తెలుగు వాక్యం తికమకగా ఉంటే వెంటనే పక్కన ఇంగ్లీషు చూడండి, దానికి జంకక్కర్లేదు.

పరీక్ష హాల్లో జీవశాస్త్రంతో మొదలుపెట్టండి. 180 నిమిషాల్లో దీనికి 50 మించనివ్వకండి, మిగతావన్నీ ఫిజిక్స్, కెమిస్ట్రీ లెక్కలకి కావాలి. ప్రశ్నలో "సరికానిది" అన్న మాట ఉంటే దాని కింద గీత గీశాకే జవాబులు చదవండి. నీట్‌లో ఒప్పుకి 4, తప్పుకి ఒకటి పోతుంది. నాలుగు జవాబుల్లో రెండింటిని కచ్చితంగా కొట్టేయగలిగితే ప్రయత్నించండి, ఒక్కటీ కొట్టేయలేకపోతే వదిలేయండి. ఈఏపీసెట్‌లో మైనస్ మార్కులు లేవు, అక్కడ ఏదీ ఖాళీ వదలొద్దు.

హార్బర్‌కి వెళ్ళాలనుకుంటే ఏప్రిల్ 15 లోపే వెళ్ళండి. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. నీట్ చాలావరకు మే మొదటి వారంలోనే వస్తుంది కాబట్టి మార్చిలో ఒక ఆదివారం బాగుంటుంది. తడిసినా పరవాలేని చెప్పులు వేసుకోండి, గీతల్లేని నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకెళ్ళండి. చేప ముట్టుకునే ముందు అమ్మేవాళ్ళని అడగండి, వాళ్ళ బేరం వేళ అడ్డు నిలబడకండి. ముట్టుకోనిచ్చిన వాళ్ళ దగ్గరే అరకిలో కొనుక్కుని ఇంటికి తెచ్చి, అమ్మ శుభ్రం చేసేటప్పుడు పక్కన కూర్చుని మొప్పలు, గాలితిత్తి, కాలేయం ఏవెక్కడున్నాయో గీసుకోండి.